గోపాల్‌పూర్ లైట్‌హౌస్ కథలో పడవవాళ్ళు ఏరీ?

లైట్‌హౌస్‌లకు మంచి రోజులొచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ తూత్తుకుడి నుంచి పది రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 75 లైట్‌హౌస్‌లను పర్యాటక కేంద్రాలుగా జాతికి అంకితం చేశారు. ఆ అక్టోబర్‌లోనే పూరీలో రెండో లైట్‌హౌస్ ఉత్సవం జరిగింది. మొదటిది అంతకు ముందు ఏడాది గోవాలో. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చినప్పుడే, వారసత్వ లైట్‌హౌస్ అనే మాటకు చట్టంలో చోటు దొరికింది. ఇదంతా పేపర్లలో వచ్చిందే, మళ్ళీ ఏకరువు పెట్టను.

ఒడిశా గంజాం జిల్లాలో ఉన్న మాకు లైట్‌హౌస్ అంటే గోపాల్‌పూరే. బరంపురం నుంచి పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని స్కూటర్ మీద ఎక్కించుకుని బయల్దేరితే అరగంటలో ఇసకలో ఉంటాం. ఆ కట్టడానికి రంగులు వేయనివ్వండి, కింద పార్కు పెట్టనివ్వండి, ఐస్‌క్రీమ్ బండ్లు రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవంతా దాని పేరు మీద చెబుతున్న కథతో. బ్రిటిష్‌వాళ్ళు కట్టారు, ఓడలకు దారి చూపింది, ఇప్పుడు పైనుంచి సూర్యాస్తమయం బావుంటుంది: టూరిస్టు కరపత్రాల్లోనూ, గైడ్ల నోటా, యూట్యూబ్ వీడియోల్లోనూ ఈ మూడు ముక్కలే తిరుగుతుంటాయి. అసలు హార్బరే లేని చోట లైట్‌హౌస్ ఎందుకు కట్టారని ఒక్కరూ అడగరు. అడిగితే జవాబు నేరుగా లైట్‌హౌస్ పక్కనున్న జాలరిపేటకు, అక్కడి తెలుగు మాటకు తీసుకెళ్తుంది. ఆ పడవవాళ్ళు లేకపోతే గోపాల్‌పూర్ రేవు లేదు, రేవు లేకపోతే ఈ దీపమూ లేదు. నేను చెప్పదల్చుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

గోపాల్‌పూర్ తీరం ఎప్పుడైనా చూశారా? వంపు లేదు, కొండ అడ్డు లేదు, నది ముఖం లేదు. ఇసక తిన్నెగా సాగిపోతుంటుంది, దానికి ఎదురుగా బంగాళాఖాతం మొత్తం వచ్చి పడుతుంటుంది. ఓడ ఒడ్డుకు రావడానికి వీల్లేదు. రైలు రాకముందు నుంచీ ఇక్కడ ఆగిన ఓడలన్నీ తీరానికి మైలు, మైలున్నర అవతల లంగరు వేసేవి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లయినా అంతే. ఓడకీ ఒడ్డుకీ మధ్య ఉన్న ఆ మైలున్నరలో ఆఖరి రెండు వందల గజాలు కెరటాలు విరిగే చోటు. ఇంగ్లండ్ నుంచి తెచ్చిన గట్టి చెక్క బోటు కూడా అక్కడ నేలకు కొట్టుకుంటే పగిలిపోయేది. మేకులు ఊడేవి, పక్కటెముకలు విరిగేవి.

మన పడవకు మేకు లేదు. పక్కటెముకలూ లేవు. పలకల అంచుల వెంట రంధ్రాలు వేసి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు, గోనెసంచిని కుట్టినట్టు. కుట్టు కింద సందుల్లో పీచో గడ్డో దట్టించేవాళ్ళు. కెరటం వచ్చి గుద్దితే ఆ పడవ పగలదు, ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి మళ్ళీ సర్దుకుంటుంది. కుట్ల లోంచి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, అందుకే నీళ్ళు తోడటానికే ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని మసూలా బోటు అని రాసుకున్నారు. మద్రాసు హార్బర్ కట్టకముందు గవర్నర్లు, దొరసానులు, బంగారం పెట్టెలు అన్నీ దిగింది ఈ రకం పడవల్లోంచే. మన వైపు జాలర్లకు అది పడవ, అంతే. వేరే పేరు అక్కర్లేదు, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన పడవ అదొక్కటే. మిగిలినవి తెప్పలు.

ఇందులో అసలు పనితనం తెడ్డు వేయడంలో కన్నా ఆగడంలో ఉంది. నా చిన్నప్పుడు గోపాల్‌పూర్‌లో పెద్దవల వేయడానికి పడవ తోసేటప్పుడు గంటల తరబడి నిలబడి చూసేవాణ్ణి. ఎనిమిది, పదిమంది పడవను నీళ్ళలో నడుముదాకా తోసుకెళ్ళి అంచులు పట్టుకుని నిలబడతారు. వెనక చుక్కాని తెడ్డు పట్టుకున్న పెద్దాయన సముద్రం వంకే చూస్తుంటాడు. ఒక కెరటం పోతుంది, రెండోది పోతుంది, మూడోదీ పోతుంది. ఆయన కదలడు. ఉన్నట్టుండి ఒక్క కేక. అందరూ ఒకేసారి ఎగిరి పడవలో పడి తెడ్లు వేస్తారు, ముక్కు ఆకాశానికి లేస్తుంది, దబ్బుమని అవతల దిగుతుంది. ఏ కెరటం పెద్దది, ఏది దాని వెనక వచ్చే నెమ్మదిది అన్న లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. ఓడలోంచి సరుకు దించాలన్నా, ధాన్యం, తోళ్ళు ఎక్కించాలన్నా, మనుషుల్ని దాటించాలన్నా మొత్తం రేవు వ్యాపారం ఆ ఒక్క కేక మీద నడిచింది.

ఇక దీపం సంగతి. లైట్‌హౌస్ వెలుగు ఎంత దూరం కనిపిస్తుందన్నది బల్బు బలం మీదే ఆధారపడదు, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తు మీద కూడా ఆధారపడుతుంది. నావికుల మోటు లెక్క ఒకటుంది: ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని రెండు పైచిలుకుతో, కచ్చితంగా కావాలంటే 2.08తో, గుణిస్తే నాటికల్ మైళ్ళు వస్తాయి, ఒక్కో మైలు దాదాపు 1.85 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 36 మీటర్ల ఎత్తున దీపం ఉందనుకోండి, వర్గమూలం ఆరు, అంటే పన్నెండున్నర మైళ్ళు. చూసేవాడి కన్ను ఎంత ఎత్తులో ఉందో దానికీ ఇదే లెక్క కట్టి కలపాలి. తొమ్మిది మీటర్ల ఎత్తు డెక్ మీద నిలబడ్డ కెప్టెన్‌కు ఇంకో ఆరు మైళ్ళు కలుస్తాయి. తెప్ప మీద మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళకు ఒక్క మీటరు ఎత్తులో కళ్ళున్న జాలరికి కలిసేది రెండే. ఒకే దీపం, కెప్టెన్‌కు 35 కిలోమీటర్ల నుంచి దొరికితే మనవాడికి 27 దగ్గర దొరుకుతుంది. ఆ ఎనిమిది కిలోమీటర్లూ మనవాడు గాలివాటు, నీటి పోకడ చూసుకుని చీకట్లో రావాలి.

పగలైతే వాడికి దీపంతో పనిలేదు. మహేంద్రగిరి ఉంది. 1,501 మీటర్ల కొండ, అదే లెక్క వేస్తే దాదాపు 150 కిలోమీటర్లు. మబ్బూ తేమా ఉంటాయి కాబట్టి అంత దూరం కనిపించదు గానీ, తేటగా ఉన్న రోజున తీరం మునిగిపోయాక కూడా కొండ మిగిలే ఉంటుంది. ఫలానా చెట్టు ఫలానా కొండ కొమ్ముకు సూటిగా వస్తే కింద రాతి నేల ఉన్నట్టు, అక్కడ చేప దొరికినట్టు. ఇది మన జాలర్ల మ్యాపు. రాత్రి ఆ కొండ చేసే పని దీపం చేసింది.

దీపానికి దీపానికి తేడా తెలియడం కూడా ముఖ్యమే, లేకపోతే ఏ ఊరికొచ్చామో తెలీదు. ఒడిశాలోనే ఉత్తరాన మహానది ముఖం దగ్గర ఫాల్స్ పాయింట్ ఉంది, మడ అడవుల మధ్య, 1830ల నాటి లైట్‌హౌస్. ఆ పేరే ఒక పొరపాటుకు గుర్తు. దక్షిణం నుంచి వచ్చే నావికులు దాన్ని చూసి ఇంకా పైనున్న పాల్మైరాస్ పాయింట్ అనుకుని మోసపోయేవాళ్ళు. ఇటు విజయనగరం జిల్లా శాంతపల్లి దగ్గర సముద్రంలో రాళ్ళున్నాయి, ఆ రాళ్ళ భయానికే అక్కడ దీపం పెట్టారు. అందుకే ప్రతి లైట్‌హౌస్‌కూ దాని మెరుపు లెక్క దానిది: ఎన్ని మెరుపులు, మధ్యలో ఎన్ని సెకన్ల చీకటి. కెప్టెన్ దగ్గర స్టాప్‌వాచీ ఉంటుంది, అచ్చు పుస్తకం ఉంటుంది. జాలరిపేటలో నాకు తెలిసిన ఒక ముసలాయన దగ్గర వేలు ఉంది. మెరుపు మెరిసినప్పుడల్లా పడవ అంచు మీద వేలితో కొడతాడు. మెరుపు లేనప్పుడు నోట్లో ఏదో గొణుక్కుంటాడు, అది పాటో లెక్కో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఇప్పుడు అందరి దగ్గరా జీపీఎస్ ఉంది కదా తాతా, ఇంకా దీపమెందుకు?" అని ఒకసారి అడిగాను.

"ఉంది బాబూ, మా మనవడి కాడుంది. నీళ్ళు తగిల్తే సచ్చిపోద్ది. ఇంజినాగిపోయిందనుకో, తెడ్డేసుకుని దీపం మొకానికే వచ్చేత్తాం," అన్నాడు.

సరే, ఇంతవరకూ చెప్పింది రేవు సంగతి. నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది ఆ రేవు దాటిన మనుషుల సంగతి.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి గంజాం, విశాఖపట్నం జిల్లాల పేదలు బర్మా బాట పట్టారు. కరువుకు కొందరు, అప్పులకు కొందరు, పెళ్ళి ఖర్చుకు కొందరు, వెళ్ళొచ్చినవాడి చేతి గడియారం చూసి కొందరు. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ. స్టీమరు ఒక్కో చోట ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటూ పోయేది. రంగూన్‌లో వాళ్ళు బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు, రేవులో ఓడలు నింపారు, రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఓడరేవు కూలీల్లో తెలుగువాళ్ళదే పెద్ద సంఖ్య. అక్కడ వాళ్ళను కొరంగీలు అన్నారు, గోదావరి ముఖం దగ్గరి కోరంగి పేరు మీద. సిక్కోలువాడైనా, గంజాంవాడైనా అక్కడ కొరంగీయే. 1930 మే నెలలో ఆ తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు, వాళ్ళ స్థానంలో బర్మావాళ్ళను పెట్టారు, సమ్మె తీరాక వాళ్ళను తీసేశారు. దాంతో మొదలైన అల్లర్లలో వందకు పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మనవాళ్ళే.

ఇప్పుడు ఆ ప్రయాణం మొదటి రాత్రి ఊహించండి. సామాను మూటతో ఇసకలో కూర్చున్న మనిషి. అంతకు ముందు సముద్రం చూసి ఉండకపోవచ్చు, గుమ్సూరు వైపు పల్లె నుంచో, టెక్కలి వైపు నుంచో నడిచొచ్చిన వ్యవసాయ కూలీ. జాలరి అతన్ని చంకలు పట్టి ఎత్తి పడవలో పడేస్తాడు. కెరటం మీద ప్రాణం పోయినంత పనవుతుంది. తాళ్ళ నిచ్చెన పట్టుకుని స్టీమరు ఎక్కి, డెక్ మీద వందల మంది మధ్య కాస్త చోటు చూసుకుని వెనక్కి తిరుగుతాడు. చీకటి పడింది. ఊరు కనిపించదు. కనిపించేది ఆ దీపం ఒక్కటే, ఇందాక మనం కట్టిన లెక్క ప్రకారం పద్దెనిమిది మైళ్ళ వరకూ. తర్వాత అదీ నీళ్ళలోకి దిగిపోతుంది. లైట్‌హౌస్‌లను వచ్చే ఓడల వైపు నుంచే చూసే అలవాటుంది మన చరిత్రకారులకు. గంజాం తీరంలో దాన్ని ఎక్కువమంది చూసింది వెళ్ళిపోతూ. బరంపురం, ఇచ్ఛాపురం చుట్టుపక్కల పాత ఇళ్ళలో బర్మా టేకు తలుపులు, రంగూన్ పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. తాతలు ఎలా వెళ్ళారని ఆ ఇళ్ళలో అడిగితే రైలు కథ చెబుతారు, స్టీమరు కథ చెబుతారు. పడవ కథ ఎవరూ చెప్పరు.

ఈ రేవు ఎందుకు చచ్చిపోయిందన్న దానికి ఒక మామూలు జవాబుంది: 1890ల్లో రైలు వచ్చింది, తీర వ్యాపారం రైలెక్కింది, తర్వాత విశాఖలో అసలైన హార్బర్ కట్టారు. అది నిజమే. దాని పక్కన ఇంకో రెండు తేదీలు పెట్టి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ప్రెసిడెన్సీ లోని గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం, గోపాల్‌పూర్ అటు పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీనైతే ఊరు అటు, పల్లెలు కొన్ని ఇటు. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. ఒకే తేదీన, ఏడాది తేడాతో, ఈ రేవుకు వీపు వైపు ఒక గీత, ముఖం వైపు ఒక గీత పడ్డాయి. వెనకున్న పల్లె ఇంకో రాష్ట్రం, ఎదుటి రేవు ఇంకో దేశం. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాక, స్టీమరులో వెళ్ళినవాళ్ళు అరకాన్ కొండల్లోంచి నడిచి వచ్చారు. దార్లోనే పోయినవాళ్ళు ఎందరో.

నేను ఎప్పుడూ వాదించే విషయానికి ఇక్కడే వస్తాను, నా పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు. రాష్ట్రాల సరిహద్దు గీసినప్పుడు భూమినే కాదు, కాగితాలను కూడా పంచుకున్నారు. 1936కు ముందు గోపాల్‌పూర్ రేవు మద్రాసు ప్రభుత్వం కింద ఉండేది, కాబట్టి దాని పాత ఫైళ్ళు మద్రాసు రికార్డుల్లో వెతకాలి. ఆ తర్వాతవి ఒడిశావి. లైట్‌హౌస్‌ల శాఖ కేంద్రానిది. ఒకసారి ఈ రేవు పడవల లైసెన్సుల రిజిస్టరు కోసం ఒక ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, టీ ఇప్పించి, "అది మా రాష్ట్రం కాదు కదండీ" అన్నాడు. రెండోచోట "అది మా కాలం కాదు" అన్నారు. మూడోచోట ఫోనే ఎత్తలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఓడరేవుల చరిత్ర రాసేవాళ్ళు ఇచ్ఛాపురం దగ్గర పెన్ను ఆపేస్తారు. ఒడియాలో రాసేవాళ్ళు పాతకాలపు సముద్ర వర్తకులైన కళింగ సాధవుల నుంచి మొదలుపెట్టి, వాళ్ళ ప్రయాణాలను తలుచుకునే కటక్ బాలియాత్ర పండగ మీదుగా, నేరుగా పారాదీప్ చేరుకుంటారు. మధ్యలో వందేళ్ళ పాటు ఈ రేవును మోసిన మనుషులు రెండు కథల్లోనూ లేరు.

ఇది కొత్త రోగం కూడా కాదు. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన, చిలికా ముఖం వైపు పాలూరు ఉంది. గ్రీకు భూగోళకారుడు టాలెమీ చెప్పిన పలౌరా, తూర్పు దేశాలకు ఓడలు తీరం విడిచి నడిసముద్రానికి మళ్ళే చోటు, ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఫ్రెంచి పండితుడు సిల్వాన్ లెవీ ఇంకో అడుగు వేసి, పలౌరా అంటే ద్రావిడ భాషలో పల్లు (పన్ను) ఊరు, సంస్కృతంలో దంతపురం, రెండూ ఒకటే అన్నాడు. ఆ వాదన నెగ్గుతుందా లేదా అన్నది పండితులు చూసుకుంటారు. నాకు నచ్చేదల్లా, ఒక ఊరిని రెండు భాషల్లో పిలుచుకునే అలవాటు ఈ తీరంలో అంత పాతదని ఆయనకు తోచడం.

ఇప్పుడు ఆ అలవాటు ఎలా ఉందో చూడండి. పూరీలో అతి పెద్ద జాలరి వాడ పేరు పెంటకోట. పారాదీప్‌లో సంధకుద్ వాడలోకి వెళ్ళి నిలబడితే వినిపించేది తెలుగు. గోపాల్‌పూర్ సరేసరి. వీళ్ళలో వాడబలిజలున్నారు, జాలార్లున్నారు. బయటివాళ్ళకు అందరూ నోళియాలే. పూరీ బీచ్‌లో కోసుగా ఉన్న వెదురు టోపీ పెట్టుకుని యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నోళియా ఫొటో ఒడిశా టూరిజం పోస్టర్ల మీద దశాబ్దాలుగా ఉంది. అతని ఫొటో కావాలి, అతని మాట అక్కర్లేదు. భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టిన బరంపురంలోనే తెలుగు మీడియం బడి అంటే ఏదో పాత సామాను లాగా చూస్తున్నారు. టీచరు రిటైరైతే ఇంకొకరు రారు, పుస్తకాలు సగం ఏడాది గడిచాక వస్తాయి, తల్లిదండ్రులు విసిగి పిల్లల్ని ఇంకో బడిలో వేస్తారు, అప్పుడు పిల్లలు లేరని బడి మూస్తారు. ఇందులో ఒడిశా ప్రభుత్వాన్ని ఎంత అనాలో, సరిహద్దు అవతల తెలుగువాళ్ళున్నారని ఎన్నికల్లేని రోజుల్లో గుర్తుండని మన తెలుగు ప్రభుత్వాలనూ అంతే అనాలి. ప్రపంచ తెలుగు మహాసభలకు అమెరికా నుంచి విమానం టికెట్లు పంపుతారు. గోపాల్‌పూర్‌కు ఒక వాచకం పంపమనండి చూద్దాం.

దీని మీద వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, బరంపురం మిత్రులే మొహం మీద అన్నారు. లైట్‌హౌస్‌కు భాషేమిటి, అది జాతీయ ఆస్తి, దాన్ని కూడా తెలుగు, ఒడియా గొడవలోకి లాగుతావా అని ఒకరు. జాలరిపేటకు కావాల్సింది పాత కథలు కాదు, టూరిస్టులు, వాళ్ళు తినే వేపుడు చేపలు అని ఇంకొకరు. రెండో మాటలో నిజముంది, ఆదివారం సాయంత్రం ఆ చేపల బండి దగ్గర నేనూ నిలబడతాను. అయితే టూరిస్టు రావాలన్నా చూపించడానికి ఏదో ఉండాలి కదా. మెట్లున్న కట్టడం దేశంలో ఎక్కడైనా ఉంది. కుట్టు పడవ వెళ్ళి స్టీమరును అందుకున్న రేవు ఎన్ని చోట్ల ఉంది? ఇక గొడవ మాట. ఆ పడవల్లో ఒడియా వ్యాపారి సరుకు ఉంది, మార్వాడీ మూట ఉంది, దొర పెట్టె ఉంది, తెడ్డు తెలుగువాడిది. అందరి పేర్లూ రాయమంటే గొడవ ఎలా అవుతుంది?

పాత దీపం పని అయిపోయిందనే వాదనను కూడా అంత తేలిగ్గా ఒప్పుకోను. లైట్‌హౌస్‌ల శాఖ ఇప్పుడు ఓడల కదలికలు పట్టుకునే ఏఐఎస్ పరికరాలు కూడా నడుపుతోంది, అది పెద్ద ఓడలకు ఎంతో మేలు. గోపాల్‌పూర్ కొత్త ఓడరేవును 2024లో అదానీ సంస్థ కొనుక్కుంది, 3,080 కోట్ల లెక్కన. ఆ రేవుకొచ్చే ఓడ కెప్టెన్‌కు మన దీపం లేకపోయినా నష్టం లేదు. నష్టం ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్ బోటులో వెళ్ళేవాడికి. తుపాను పూట ఇంకా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ సరిగ్గా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలితో. ఒడిశాలో పది లక్షల మందికి దగ్గర దగ్గరగా ముందే ఖాళీ చేయించారు కాబట్టి 1999 నాటి మహా తుపాను ప్రాణనష్టం పునరావృతం కాలేదు, ఆ విషయంలో ఆ ప్రభుత్వానికి చేతులెత్తి నమస్కారం. 2018లో తిత్లీ వచ్చింది, పలాస, సోంపేట కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసింది. తుపాను సరిహద్దు దగ్గర ఆగి ఫైలు మార్చుకోలేదు. రేడియోలో పదో నంబరు హెచ్చరిక ఎగరేశారని చెబితే గోపాల్‌పూర్‌లోనైనా, బారువలోనైనా ముసలివాళ్ళకు ఒకే విధంగా కడుపులో తిప్పుతుంది.

వెలుగు గురించి మాట్లాడుతూ తాబేళ్ళను మర్చిపోకూడదు. గోపాల్‌పూర్‌కు కాస్త ఉత్తరాన రుషికుల్య ముఖం దగ్గర లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు గుడ్లలోంచి రాగానే ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి, మామూలుగా అది సముద్రం. ఊళ్ళ దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు ఎక్కువై అవి దారి తప్పి రోడ్డెక్కుతున్నాయి. పర్యాటకం పేరుతో లైట్‌హౌస్ చుట్టూ రంగుల ఫోకస్ లైట్లు పెట్టాలనుకునే ఇంజినీర్లు ఒక రాత్రి అక్కడి కుర్రాళ్ళతో బకెట్లు పట్టుకుని తాబేలు పిల్లల్ని ఏరితే బావుంటుంది.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. లైట్‌హౌస్ ఆవరణలో ఒక కుట్టు పడవ పెట్టండి. బొమ్మ వద్దు, ఫైబర్ వద్దు, అసలుదే కుట్టించండి, కుట్టడం చూసిన చేతులు ఇంకా కొన్ని బతికున్నాయి, పదేళ్ళాగితే ఉండవు. కుట్టేటప్పుడు వీడియో తీయండి, ప్రతి ముడికీ ప్రతి పలకకూ వాళ్ళు అనే మాట ఏమిటో రాసుకోండి. ఆ మాటలు ఏ తెలుగు నిఘంటువులో ఎన్ని ఉన్నాయో నాకు అనుమానమే. బోర్డులు మూడు భాషల్లో ఉండాలి, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, శాంతపల్లి, భీమిలి లైట్‌హౌస్‌లను ఒకే దారిగా చూపించే మ్యాపు ఒకటి ఉండాలి, ఎందుకంటే స్టీమరుకు అవి ఒకే దారి. దీనికి రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చోనక్కర్లేదు. లైట్‌హౌస్‌లన్నీ కేంద్రం చేతిలోనే ఉన్నాయి, 2021 చట్టంలో చదువు, సంస్కృతి, పర్యాటకం కోసం వారసత్వ లైట్‌హౌస్‌ను తీర్చిదిద్దే వీలుంది. చదువు, సంస్కృతి అన్న మాటలు పర్యాటకం కన్నా ముందే ఉన్నాయక్కడ. చెన్నైలోని పాత రేవు ఫైళ్ళను స్కాన్ చేసి బరంపురం విశ్వవిద్యాలయంలో పెడితే, నాలాంటివాడు మూడు ఆఫీసుల్లో టీలు తాగాల్సిన పని తప్పుతుంది.

మొన్న శీతాకాలంలో ఆ ముసలాయన్ని లైట్‌హౌస్ ఎక్కించాను. డెబ్బై ఏళ్ళు దాని కింద బతికి ఒక్కసారీ ఎక్కలేదట. టికెట్ నేనే కొన్నాను, అంత డబ్బు మెట్లెక్కడానికా అని దారి పొడుగునా సణిగాడు. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. పైకి చేరాక టూరిస్టులంతా సముద్రం వైపు ఫోన్లు ఎత్తి ఉంటే, ఆయన ఇటు తిరిగి ఇసక మీద వరసగా లాగిపెట్టిన బోట్లు చూడటం మొదలుపెట్టాడు. వేలితో రెయిలింగ్ మీద కొడుతున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఒకటి తక్కువుంది బాబూ. మా వోడిది," అన్నాడు.

నా ఫోను తీసుకుని మనవడికి చేశాడు. గాలికి సగం మాటలు పోయాయి. పొద్దున ఇంజిన్ పాడైతే బోటును వలల పాక వెనక్కి లాక్కెళ్ళారట, అందుకే పైనుంచి కనపడలేదు.

"మరి ఆడేడీ?" అని నేను అడిగితే, "ఇచ్ఛాపురం ఎల్లాడంట, సామాను కోసం. ఈడ దొరకదు," అని ఫోను నా చేతిలో పెట్టి మెట్ల వైపు నడిచాడు.